ఈనెలు చెప్పే పేరు

నల్గొండ జిల్లా త్రిపురారం నుంచి దక్షిణంగా కృష్ణ ఒడ్డుకు దిగుతుంటే నేల కింద రాయి మారుతుంది. గ్రానైటు గుట్టలు వెనకబడతాయి, పొరలు పొరలుగా పరుచుకున్న సున్నపురాయి మొదలవుతుంది. వాడపల్లి, మఠంపల్లి, మేళ్ళచెరువు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమే. నది దాటి పల్నాడులోకి వెళ్ళినా అదే రాయి. ఇలాంటి రాతిని పలకలుగా చీల్చినప్పుడు ఒక్కోసారి లోపలి ముఖం మీద నల్లటి మొక్క బొమ్మ కనిపిస్తుంది. సన్నటి కాండం, దానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, రెమ్మల కొసన నాచులాంటి కుచ్చులు ఉంటాయి. చూసినవాళ్ళు ఇది ఏ మొక్క శిలాజమో చెప్పమని అడుగుతారు.

అది మొక్క కాదు. మాంగనీసు, ఇనుము కరిగి ఉన్న నీరు రాతి పగుళ్ళలోకి ఇంకుతుంది. ఆ ఖనిజాలు పగులు గోడల మీద కొద్దికొద్దిగా పేరుకుంటూ కొమ్మలు చాచుకుంటూ పెరుగుతాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిని డెండ్రైట్లు అంటారు. ఆనవాలు పట్టడానికి భూతద్దం చాలు. ఆకుకు అంచు ఉంటుంది, అంచు లోపల ఈనెలు ఉంటాయి, ఒక చోట తొడిమ ఉంటుంది. డెండ్రైటుకు ఇవేవీ ఉండవు. పైగా అది పగులు అంచు నుంచే మొదలై లోపలికి పాకుతుంది, రాతి పొరలను అడ్డంగా కోసుకుపోయే పగులు మీద కూడా కనిపిస్తుంది. నిజమైన ఆకు నీటి అడుగున బురద మీద వెల్లకిలానో బోర్లానో పడి పూడిపోయినది కాబట్టి ఎప్పుడూ పొర వెంటే పడుకుని ఉంటుంది.

ఇక్కడి రాతి విషయంలో భూతద్దం కంటే ముందే తేల్చగల సాక్ష్యం ఇంకొకటి ఉంది. పల్నాడు సున్నపురాయి కర్నూలు సముదాయానికి చెందింది. ఆ సముదాయం ప్రొటెరోజోయిక్ మహాయుగానిది, అంటే సుమారు 54 కోట్ల సంవత్సరాలకు పూర్వం సముద్రపు అడుగున పేరుకున్నది. మొక్కలు నేల మీద అడుగుపెట్టింది సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రితం. వెడల్పాటి ఆకులు తొడిగింది అంతకంటే చాలా తరవాత. ఆ సముద్రాల్లో సూక్ష్మజీవులు, నాచు జాతులు ఉండేవి. కడప వేంపల్లి రాళ్ళలో సూక్ష్మజీవుల చాపలు పొరలుగా పేర్చిన స్ట్రోమటోలైట్లు దండిగా ఉన్నాయి. మామిడాకు, తాటాకు మాత్రం ఎంత వెతికినా దొరకవు.

సున్నపురాతి సీమలో ఇంకొక రకం ఆకు ముద్రలు దొరికే వీలుంది, వాటిని కూడా పక్కన పెట్టాలి. సున్నం బాగా కరిగిన వాగు నీరు రాళ్ళ మీదుగా దూకే చోట ఆ సున్నం తిరిగి పేరుకుని, రాలిన ఆకుల చుట్టూ పూత కడుతుంది. లోపలి ఆకు కుళ్ళిపోయినా ముద్ర చక్కగా నిలుస్తుంది. తేలికగా, బొరియలు బొరియలుగా ఉన్న ఇలాంటి సున్నపు గడ్డలో రావి ఆకో కానుగ ఆకో కనిపిస్తే అది నిజంగా ఆకే. వయసు మాత్రం పక్కనున్న సున్నపురాతిది కాదు. ఆ చెట్టు వంశం ఇవాళ్టికీ వాగు గట్టున నిలబడి ఉండవచ్చు.

శిలాజ పత్రాన్ని గుర్తించే పని ఆకారంతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అది రాతితో మొదలవ్వాలి. ఏ ఊరు, ఏ పొర, ఆ పొర వయసెంత అన్నది తెలిస్తే ఉండగలిగిన ప్రజాతుల జాబితా వేలల్లోంచి పదుల్లోకి వస్తుంది. ఊరు పేరు పోగొట్టుకున్న ఆకు ఎంత అందంగా ఉన్నా సగం మూగది.

అసలైన ఆకులు కావాలంటే త్రిపురారం నుంచి సూర్యాపేట, ఖమ్మం మీదుగా ఇల్లందు వైపు వెళ్ళాలి. అక్కడ గోదావరి లోయ శిలలు మొదలవుతాయి. 1871లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది, 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో ఆ సంస్థ సింగరేణి పేరు పెట్టుకుంది. కింగ్ 1881లో ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భం మీద వెలువరించిన గ్రంథం ఈ ప్రాంతపు రాళ్ళకు ఇప్పటికీ ఆధార గ్రంథమే.

కొత్తగూడెం, భూపాలపల్లి, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో బొగ్గు పొరకు పైనా కిందా బూడిద రంగు షేల్ ఉంటుంది. పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనుల్లో దీన్ని తవ్వి పనికిరాని రాయిగా కుప్పలు పోస్తారు. ఒకప్పుడు చిత్తడి నేల చుట్టూ పేరుకున్న మెత్తటి బురద ఇది. ఈ షేల్‌ను పొర వెంట చీలిస్తే ఆకులు కనబడతాయి, ఒకటీ రెండూ కాదు, ఒకదాని మీద ఒకటిగా. వాటిలో అత్యధికం ఒకే ప్రజాతివి. దాని పేరు గ్లోసోప్టెరిస్.

పర్మియన్ యుగం సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై 25 కోట్ల 20 లక్షల సంవత్సరాల క్రితం ముగిసింది. అప్పుడు భారతదేశం దక్షిణార్ధగోళంలో ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలతో అతుక్కుని ఉండేది. ఆ యుగారంభంలో ఇక్కడ హిమానీనదాలు కదిలాయి. అవి దొర్లించుకొచ్చిన బండరాళ్ళ పొర, తాల్చీరు పొర, గోదావరి లోయ అడుగున నేటికీ ఉంది. మంచు కరిగాక ఏర్పడిన చిత్తడి అడవుల్లో గ్లోసోప్టెరిస్ చెట్లు రాజ్యమేలాయి. వాటి కలప, ఆకులే మన కరెంటు కేంద్రాల్లో మండుతున్న బొగ్గు. పర్మియన్ చివరి మహా వినాశంతో ఆ అడవులు పోయాయి.

ఇప్పుడు చేతిలో ఇల్లందు షేల్ ముక్క ఉంది, దాని మీద కోలగా, కొస మొనదేలి, కింద సన్నబడిన ఆకు ఉంది అనుకుందాం. దీన్ని గ్లోసోప్టెరిస్ అని దేన్ని బట్టి అంటారు?

ఆకారాన్ని బట్టి మాత్రం కాదు. మామిడాకు, నేరేడాకు, సపోటా ఆకు మూడూ కోలగానే ఉంటాయి, మూడింటికీ అంచు నున్నగానే ఉంటుంది. అయినా మూడూ వేరు వేరు ప్రజాతులు మాత్రమే కాదు, వేరు వేరు కుటుంబాలు. నేరేడాకును ఎండకు అడ్డంగా పట్టి చూడండి. పక్క ఈనెలన్నీ అంచుకు కాస్త ముందే ఆగి, అంచు వెంబడి సాగే ఒక సన్నటి ఈనెలో కలిసిపోతాయి. మామిడాకులో అలాంటి అంచు ఈనె లేదు, పక్క ఈనెలు ఒక్కొక్కటీ పైకి వంగి పై ఈనెతో కలిసి మెలికలు కడతాయి. ఒకే చెట్టు మీద లేత కొమ్మ ఆకు, ముదురు కొమ్మ ఆకు వేరే వేరే ఆకారాల్లో ఉండవచ్చు. నీడలో పెరిగింది వెడల్పవుతుంది, ఎండలో పెరిగింది చిన్నదవుతుంది. ఈనెల అల్లిక మాత్రం అంత సులువుగా మారదు. పాఠ్యపుస్తకాల్లో గ్లోసోప్టెరిస్‌ను ఒక నాలుక ఆకారపు గీతగా వేసి, మధ్యలో ఒక నిలువు గీత పెట్టి వదిలేస్తుంటారు. విద్యార్థి దృష్టిని అసలు చూడాల్సిన చోటు నుంచి తప్పించే బొమ్మ అది.

చూడాల్సింది వరసగా ఇలా ఉంటుంది. మొదట నడిమి ఈనె. ఇల్లందు ఆకుకు కింది నుంచి దాదాపు కొస దాకా స్పష్టమైన నడిమి ఈనె ఉందా? భూతద్దం పెడితే గ్లోసోప్టెరిస్ నడిమి ఈనె ఒకే మోటు ఈనెలా కాకుండా పక్కపక్కనే సాగే అనేక పాయల కట్టలా కనిపిస్తుంది. తరవాత పక్క ఈనెలు. అవి నడిమి ఈనె నుంచి వాలుగా బయల్దేరి, వంగి, అంచు వైపు సాగుతాయి. దారిలో రెండుగా చీలుతాయి, పక్కదానితో కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. అలా ఆకంతా సన్నటి, పొడవాటి గళ్ళ వల ఏర్పడుతుంది. నడిమి ఈనె దగ్గర గళ్ళు పెద్దవిగా, అంచుకు పోయేకొద్దీ సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి.

వల అల్లిక మామిడాకులో కూడా ఉంది కదా అనిపిస్తుంది. తేడా ఎక్కడో త్రిపురారం రైతుకు చెప్పడం చాలా తేలిక. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నుంచి మేజరు, మేజరు నుంచి మైనరు, మైనరు నుంచి పంటకాలువ, ఆ పంటకాలువ చివరి మడిలో ఆగిపోతుంది. మామిడి, రావి, వేప వంటి ద్విదళబీజాల ఆకుల్లో ఈనెలకు అచ్చం ఇలాంటి అంతస్తులుంటాయి. ప్రతి అంతస్తు ముందుదానికంటే సన్నం, చివరి చిన్న ఈనె ఒక గడిలోకి పోయి అక్కడే ఆగుతుంది. గ్లోసోప్టెరిస్‌లో ఈ అంతస్తులు లేవు. నడిమి ఈనె తరవాత ఉన్నవన్నీ ఒకే మందం, ఒకే హోదా. గడిలోకి పోయి ఆగిపోయే ఈనె ఒక్కటీ ఉండదు. ఈ ఒక్క లక్షణంతోనే పర్మియన్ ఆకు మన కాలపు ఆకుల నుంచి విడిపోతుంది.

అసలు చిక్కు దాని సాటి ఆకులతో వస్తుంది. అదే షేల్‌లో, అదే ఆకారంలో, అదే వల అల్లికతో మరో ఆకు దొరుకుతుంది, నడిమి ఈనె మాత్రం ఉండదు. కింది నుంచి ఈనెలు విసనకర్రలా విచ్చుకుని, చీలుతూ కలుస్తూ పైకి పోతాయి. దాన్ని గంగమోప్టెరిస్ అంటారు. ఆస్ట్రేలియాలో పనిచేసిన ఫ్రెడరిక్ మెకాయ్ ఆ ప్రజాతిని వేరు చేశాడు. ఇంకొకదానిలో నడిమి ఈనె సగం దాకా వచ్చి మాయమవుతుంది, దాన్ని పాలియోవిట్టారియా అన్నారు. ఈనెలు చీలుతాయే గానీ ఒకదానితో ఒకటి కలవవు, దాదాపు సమాంతరంగా సాగిపోతాయి అంటే అది వేరే వంశం, నెగ్గెరాథియోప్సిస్. నడిమి ఈనె గట్టిగా ఉండి, పక్క ఈనెలు దానికి దాదాపు లంబంగా, వల కట్టకుండా అంచు దాకా సాగితే టీనియోప్టెరిస్ అనాలి. ఈ చివరిది ముఖ్యంగా తరవాతి యుగాల రాళ్ళలో కనిపిస్తుంది.

ఇవి మ్యూజియం చీటీల కోసం చేసిన విభజనలు కావు. గంగమోప్టెరిస్ హిమయుగం ముగిసిన కొత్తలో, పర్మియన్ తొలి పొరల్లో ఎక్కువ. పైకి పోయేకొద్దీ అది పలచబడి గ్లోసోప్టెరిస్ రకాలు పెరుగుతాయి. ఒక బోరు రంధ్రంలోంచి వచ్చిన షేల్ ముక్కల్లో ఏ ఆకు ఏ పాళ్ళలో ఉందో చూస్తే ఆ పొర కింది భాగానిదా, పై భాగానిదా అన్న అంచనా దొరుకుతుంది. పుప్పొడి, సిద్ధబీజాల అధ్యయనం ఈ అంచనాను ఇంకా సూక్ష్మంగా సరిచూస్తుంది. బొగ్గు పొర ఎటు వాలిందో, ఎక్కడ తెగిందో లెక్క కట్టే ఇంజినీరుకు ఈ సమాచారం పనికొస్తుంది.

గ్లోసోప్టెరిస్ పేరు ఖాయం కావడానికి మొదట వాడిన నమూనాలే రెండు ఖండాలవి. 1820లలో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్రోంగ్నియార్ భారతదేశం నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆకులను పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకే ప్రజాతివి అన్నాడు. అప్పట్లో ఆ మాటలో ఎంత బరువుందో ఎవరికీ తెలియదు. తరవాత దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో అవే ఆకులు దొరికాయి. సముద్రాలు అడ్డం ఉన్న భూములన్నిటి మీద ఒకే చెట్టు ఎలా పెరిగింది? 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సూయెస్ ఇవన్నీ ఒకప్పుడు ఒకే మహాఖండమని ప్రతిపాదించి దానికి గోండ్వానాలాండ్ అని పేరు పెట్టాడు. అంతకు ముందే భారత భూగర్భ శాస్త్రజ్ఞులు మన బొగ్గు శిలలకు గోండ్వానా అన్న పేరును వాడుతున్నారు. గోండుల గడ్డ పేరు అలా ఒక మహాఖండానికి వెళ్ళింది. 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదిలాయని వాదించినప్పుడు ఈ ఆకు ఆయన సాక్షుల్లో ఒకటి.

అదే ఏడాది అంటార్కిటికాలో జరిగిన సంగతి తలుచుకున్నప్పుడల్లా నా మనసు కదిలిపోతుంది. దక్షిణ ధ్రువం చేరి, తిరుగు ప్రయాణంలో ఉన్న రాబర్ట్ స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం అంచున ఆగింది. డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్ అక్కడ రాళ్ళు ఏరాడు. ఆకలితో, చలితో, ఒక్కొక్క అడుగూ భారమవుతున్న స్థితిలో కూడా సుమారు 16 కిలోల ఆ రాళ్ళను వాళ్ళు బండి మీద నుంచి దించలేదు. ఆ బృందంలో ఒక్కరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. నవంబరులో వెతుక్కుంటూ వెళ్ళినవారికి వారి మృతదేహాలతో పాటు ఆ రాళ్ళు దొరికాయి. 1914లో కేంబ్రిడ్జి వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సీవార్డ్ వాటిలో గ్లోసోప్టెరిస్ ఆకులున్నాయని ప్రకటించాడు. నాలుగు ఖండాల ఆకుకు ఐదోది తోడైంది. ఇల్లందు షేల్‌లోని ఈనెల వలా, ధ్రువం దారిలో దొరికిన రాతి మీది వలా ఒకటేనని ఒక మనిషి భూతద్దంతో చూసి నిర్ధారించడం వల్లే అది సాక్ష్యమైంది. అక్కడ నడిమి ఈనెను పొరపాటుగా చదివి ఉంటే వాదనలో ఆ రాయి కదిలిపోయేది.

ఇంతకీ గ్లోసోప్టెరిస్ ఎలాంటి చెట్టు? ఈ ప్రశ్నకు ఆకు ఒక్కటే జవాబు చెప్పలేదు. బ్రోంగ్నియార్ దాన్ని ఫెర్న్ అనుకున్నాడు, వందేళ్ళకు పైగా పుస్తకాలు అలాగే రాశాయి. శిలాజాల్లో ఆకు ఒక చోట, వేరు ఒక చోట, విత్తనం ఒక చోట దొరుకుతాయి. వేటికవి వేరే పేర్లు పెట్టుకుంటారు. బొగ్గు పొర కింది షేల్‌లో గళ్ళు గళ్ళుగా, అడ్డ గోడలతో కనిపించే వేర్లకు వెర్టెబ్రేరియా అని పేరు. చిత్తడిలో గాలి ఆడేందుకు వీలుగా వాటి లోపల ఖాళీ గదులుంటాయి. ఆ వేర్లూ ఈ ఆకులూ ఒకే చెట్టువని తేలడానికి కణజాలం నిలిచిన నమూనాలు దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. 1952లో దక్షిణాఫ్రికాకు చెందిన ఎడ్నా ప్లమ్‌స్టెడ్ గ్లోసోప్టెరిస్ ఆకుకే అంటుకుని ఉన్న పునరుత్పత్తి భాగాలను ప్రచురించింది. దాంతో ఇది విత్తనాలు కాసే వృక్షమని స్థిరపడింది. ఎత్తయిన అక్షాంశాల్లోని దాని కలపలో వార్షిక వలయాలు స్పష్టంగా ఉన్నాయి, ఆకులు పొరలు పొరలుగా ఒకేచోట పడి ఉన్నాయి. ఏటా ఆకులు రాల్చే చెట్టు అనుకోవడానికి ఇది బలమైన ఆధారం.

అందుకే శిలాజ ఆకు ప్రజాతి అన్నది పూర్తి చెట్టు పేరు కాదని గుర్తుంచుకోవాలి. అది ఆ ఆకు నమూనా పేరు. మన దేశంలో దీనికి గొప్ప ఉదాహరణ బీర్బల్ సాహ్ని చేసిన పని. రాజమహల్ కొండల్లో విడివిడిగా దొరికిన టైలోఫిల్లమ్ ఆకులను, బక్లాండియా కాండాన్ని, విలియమ్సోనియా పుష్పాలను జోడించి, 1932లో ఆయన విలియమ్సోనియా సీవార్డియానా అనే ఒకే మొక్కను తిరిగి నిలబెట్టాడు. లక్నోలో ఆయన స్థాపించిన వృక్ష శిలాజాల పరిశోధన సంస్థ భవనానికి 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేశారు. వారం తిరిగేసరికి సాహ్ని కన్నుమూశారు. గోండ్వానా ఆకుల మీద ప్రపంచంలోనే అతి విస్తృతంగా పనిచేసిన చోట్లలో ఆ సంస్థ ఒకటి.

టైలోఫిల్లమ్ మాటెత్తాం కాబట్టి ఒంగోలు వైపు వెళ్దాం. ప్రకాశం జిల్లా వేమవరం దగ్గరి షేల్ గ్లోసోప్టెరిస్ అడవులు అంతరించాక పది కోట్ల సంవత్సరాలకు పైగా గడిచిన తరవాతిది, క్రెటేషియస్ యుగారంభానిది. కలకత్తాలో జియొలాజికల్ సర్వేలో పనిచేసిన ఒటోకార్ ఫైస్ట్‌మాంటెల్ 1879లో ఇక్కడి ఆకులను, కోస్తా వెంబడి ఇతర చోట్లవాటిని వర్ణించాడు. తెలుగు నేల మీది వృక్ష శిలాజాల్లో ఇంత పేరున్న చోటు మరొకటి తక్కువ. అయినా పక్క జిల్లా కాలేజీల్లో కూడా దాని గురించి విన్నవాళ్ళు అరుదు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

వేమవరం ఆకుల్లో టైలోఫిల్లమ్ చూడటానికి ఈతాకులా ఉంటుంది. నడుమ ఒక కాడ, ఇరువైపులా సన్నటి రెమ్మలు, రెమ్మల్లో సమాంతరంగా సాగే ఈనెలు. ఇలాంటి ఆకులకు ప్రజాతి తేల్చేది రెమ్మ కింది కొన, అది కాడకు అతుక్కున్న తీరు. రెమ్మలు కాడ పై ముఖానికి అతుక్కుని, కింది మూల కొద్దిగా కిందికి జారి ఉంటే టైలోఫిల్లమ్. కింది కొన ఒక పక్క చెవిలా ఉబ్బి ఉంటే ఓటోజామైటిస్. రెమ్మ తన పూర్తి వెడల్పుతో కాడ పక్కకు అతుక్కుంటే టెరోఫిల్లమ్. ఈనెలు సమాంతరంగా కాకుండా వల కడితే డిక్టియోజామైటిస్. ఇక్కడ ఒక తికమక తప్పదు. ఒకే ఆకు పై ముఖం ముద్రలో రెమ్మలు కాడను కప్పేస్తాయి, కింది ముఖం ముద్రలో కాడ మొత్తం తేటగా కనిపిస్తుంది. రాయి చీలినప్పుడు వచ్చిన రెండు చెక్కలనూ దాచుకోవాలని చెప్పేది ఇందుకే. ఒకదాని మీద లేనిది రెండోదాని మీద ఉంటుంది.

వేమవరం ఆకును చూసి సైకస్ జాతి ఆకు అనుకోవడం సహజం. శేషాచలం కొండల్లో, మరెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమై నేటికీ ఉంది, దాని ఆకు కూడా ఇలాంటి పోలికలోనే ఉంటుంది. ఈ రెండు వంశాలకూ తేడా కంటికి అందదు. ఆకు మీద మైనపు పొరలాంటి అవభాసిని ఇంకా రాతిలో నల్లటి పొరగా నిలిచి ఉంటే దాన్ని ఊడదీసి, నత్రికామ్లం, పొటాషియం క్లోరేట్ కలిపిన ద్రావణంలో ఉంచుతారు. తరవాత పలచటి క్షారంతో కడిగితే బొగ్గు అంతా పోయి పారదర్శకమైన పొర మిగులుతుంది. సూక్ష్మదర్శిని కింద కణాల గోడలు, పత్రరంధ్రాలు బయటపడతాయి. సైకస్ వంశంలో రంధ్రం పక్కనుండే సహాయక కణాలు రక్షక కణాల నుంచి విడిగా పుట్టినవి. టైలోఫిల్లమ్ ఉన్న బెన్నెటైటేలిస్ వంశంలో రెండూ ఒకే మాతృకణం నుంచి పుట్టి, రక్షక కణాలకు రెండు వైపులా జతగా కూర్చుంటాయి. పైకి కవలల్లా కనిపించే రెండు ఆకులు పత్రరంధ్రం దగ్గర ఇలా విడిపోయాయి. టైలోఫిల్లమ్ వంశం ఇప్పుడు భూమి మీద లేదు.

పూలమొక్కల ఆకులతో కష్టం వేరే రకం. పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులు యూరప్, అమెరికా రాళ్ళలోని ఆకులను ఆకారం చూసి మర్రి ప్రజాతి ఫైకస్ అనీ, పాప్లార్ అనీ ధైర్యంగా రాసేశారు. తరవాత ఈనెల అంతస్తులను సరిగా లెక్కించినప్పుడు వాటిలో ఎన్నో పేర్లు నిలబడలేదు. 1973లో అమెరికా శాస్త్రజ్ఞుడు లియో హికీ ఆకు నిర్మాణాన్ని వర్ణించడానికి ఒక పద్ధతి ఇచ్చాడు. పక్క ఈనె అంచును తాకుతుందా, తాకకుండా వంగుతుందా, మూడో అంతస్తు ఈనెలు ఏ కోణంలో బయల్దేరాయి, గడిలో ఈనె ఎన్ని చీలికలై ఆగింది, అంచు పంటిలోకి ఏ ఈనె వచ్చింది అన్నవి ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోవడమే ఆ పద్ధతి. ఆ తరవాత హెర్బేరియంలోని నేటి ఆకులతో పోల్చాలి. పోల్చే ఆకులను రంగు పోగొట్టి, ఈనెలకు రంగు పట్టించి తయారు చేసుకుంటారు. పుస్తకంలో ఒక్క ఫొటో చూసి ప్రజాతి పేరు పెట్టడం ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు.

గోదావరి లోయ దగ్గరున్నవాళ్ళు, బాయి పనిలో ఉన్నవాళ్ళు, భూగర్భ శాస్త్రం చదివే పిల్లలు చేయగలిగింది చాలా ఉంది. గనిలోకి, కుప్పల మీదికి అనుమతి లేకుండా వెళ్ళడం ప్రమాదం, ఆ పని వద్దు. రోడ్డు పనిలోనో, బావి తవ్వకంలోనో, కాలేజీ వాళ్ళతో వెళ్ళినప్పుడో షేల్ మీద ఆకు కనబడితే ముందు దాన్ని ఉన్నచోటే ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే ఈనెల నీడలు తేలతాయి. నడినెత్తి ఎండలో తీసిన ఫొటోలో వల కనిపించదు. ఎండిన షేల్ మీద స్పిరిట్ కొద్దిగా రాస్తే ఆరేలోపు ఈనెలు తేటగా కనపడతాయి. నీళ్ళు పోస్తే కొన్ని షేల్‌లు పొరలు ఊడి పొడి అవుతాయి. వార్నిష్ పూయకూడదు, సూదితో గీసి ఈనెను స్పష్టం చేయకూడదు. వార్నిష్ పూస్తే అవభాసిని మీద పరీక్ష చేయలేరు. గీస్తే లేని ఈనె పుడుతుంది.

ఇంత చేసినా కొన్ని ముక్కలకు పేరు దొరకదు. ఆకు పైభాగం ఒక్కటే ఉండి, కింది సగం విరిగిపోయింది అనుకోండి. గంగమోప్టెరిస్‌లో కూడా నడుమ ఈనెలు కాస్త దగ్గర పడి నడిమి ఈనె ఉందేమో అనిపిస్తుంది. గ్లోసోప్టెరిస్‌లో కూడా కొస దగ్గర నడిమి ఈనె పలచబడి లేదేమో అనిపిస్తుంది. తొడిమ వైపు భాగం లేకుండా ఈ రెండింటినీ నమ్మకంగా విడదీయలేరు. అలాంటప్పుడు అనుభవమున్నవాళ్ళు రెండు ప్రజాతుల పేర్లూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెడతారు. ప్రజాతి స్పష్టంగా తెలిసి జాతి తెలియనప్పుడు గ్లోసోప్టెరిస్ అని రాసి జాతి చోటు ఖాళీగా వదిలేస్తారు. భారతదేశపు గ్లోసోప్టెరిస్ జాతులు డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటిలో కొన్ని గళ్ళ వెడల్పు, ఈనెల సాంద్రత, ఈనె బయల్దేరిన కోణం వంటి చిన్న తేడాలతోనే విడిపోతాయి. ఒకే చెట్టు ఆకుల్లో కూడా ఆ తేడాలు రావచ్చునన్న చర్చ ఇంకా నడుస్తోంది. కాబట్టి చీటీ మీద ముందు రాయాల్సినవి ఊరు, మండలం, బొగ్గు పొరకు పైనా కిందా అన్నది, తేదీ, రెండు చెక్కల మీదా ఒకే నంబరు. ప్రజాతి పేరు పెన్సిలుతో రాయండి. జాతి గడి ఖాళీగా ఉంటే ఉండనివ్వండి.